అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలు: కథ చెప్పడం, కథ అర్థం చేసుకోవడం

పిల్లోడు అమ్మీతో మోండా మార్కెట్‌కు వెళ్లాడనుకుందాం. టమాటాలు కొన్నాక సంచి చిరిగి అన్నీ కింద పడ్డాయి. పక్క కొట్టాయన ఇంకో సంచి ఇస్తే ఏరుకుని వచ్చారు. ఏమైందని నానీ అడిగితే వాడు "టమాటాలు పడ్డాయి, వచ్చేశాం" అని ఆగిపోతాడు. ఎందుకు పడ్డాయో, ఎవరు సాయం చేశారో చెప్పడు. ఒక్కసారి ఇలా జరిగితే కంగారు అక్కర్లేదు. వయసు పెరిగినా ప్రతిసారీ ఇంతే అయితే పట్టించుకోవాలి.

ఇది మొద్దుతనం కాదు. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో చాలామందికి అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టం, అదే కథ చదివి వినిపిస్తే బాగానే అర్థమవుతుంది. ఇంకొందరు గడగడా చదువుతారు గానీ, ఏం చదివారో చెప్పలేరు. అందుకే చదువునీ, వినికిడితో వచ్చే అర్థాన్నీ వేర్వేరుగా చూడాలి.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు ఉన్న పిల్లల విషయంలో తొందరపడకూడదు. ఇంటి భాషలో కథ చక్కగా చెప్పగలిగి, బడి భాషలోనే తడబడితే అది భాష కొత్త కావడం వల్ల కావచ్చు. అన్ని భాషల్లోనూ ఇబ్బంది ఉంటే నిపుణులకు చూపించాలి.

ఇంట్లో చేయగలిగింది: ముందు కథ వినిపించాలి. తర్వాత ఎవరు, ఎక్కడ, ఏం కష్టం వచ్చింది, ఎందుకు, ఏం చేశారు, చివరికి ఏమైంది అని ఒక్కొక్కటే అడగాలి. బొమ్మలు వరుసలో పెట్టించి, మళ్లీ చెప్పించాలి. తప్పు చెబితే తిట్టకుండా, వదిలేసిన ముక్కను అందించాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని కూడా వైకల్యంగా గుర్తించింది. ఇలాంటి పిల్లల్ని త్వరగా గుర్తించడం, పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు లాంటివి అందులో ఉన్నాయి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. మేధో వైకల్యం దాని ప్రధాన రంగం. బడిలో వెనకబడిన పిల్లల స్థాయి తెలుసుకునే 'గ్లాడ్' సాధనం కూడా అక్కడే తయారైంది. మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం ఒకటి కాదు. ఏది ఉందో పరీక్ష చేశాకే తేలుతుంది, బంధువుల మాటతో కాదు.