పేరు: పెట్టినవారు, మోసినవారు

మనిషి తనదని చెప్పుకొనే వాటిలో పేరు మొదటిది. కాని అతని ప్రమేయం లేకుండా వచ్చినది కూడా అదే. పెట్టేది ఒకరు, పిలిచేది ఊరు, మోసేది మాత్రం తాను. అందువల్ల తన పేరు పట్ల మనిషికి కలిగే ప్రీతి గాని, సంకోచం గాని, రోషం గాని కేవలం వ్యక్తిగతమైన మనోభావమని అనుకొనరాదు. ఆ భావానికొక చరిత్ర కలదు. పేరు పెట్టే అధికారం ఎవరిది, ఆ పేరును ఏ తోక తగిలించి పిలవాలో నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్నలు ఆ చరిత్రలో ఇమిడి ఉన్నవి. ఊళ్ళ పేర్లను, ఇంటిపేర్లను శ్రద్ధతో పరిశోధించినవారు మనలో ఉన్నారు. సొంతపేరును మోసినవారి మనస్సును గురించిన విచారణ మాత్రం స్వల్పం.

ప్రాచీనులకు నామకరణం చిన్న విషయం కాదు. పతంజలి మహాభాష్యారంభంలో వ్యాకరణాధ్యయన ప్రయోజనాలను పేర్కొంటూ, కొడుకుకు తగిన పేరు పెట్టడాన్ని కూడా వాటిలో చేర్చాడు. మగపిల్లవాని పేరులో సరి అక్షరాలు, ఆడపిల్ల పేరులో బేసి అక్షరాలు ఉండాలని గృహ్యసూత్రకారులు విధించారు. ఆశ్వలాయనుడు ఇంకొక పేరును కూడా చెప్పాడు. అది ఉపనయనమయ్యే వరకు తల్లిదండ్రులకు మాత్రమే తెలియవలసిన పేరు. పేరు తెలిసినవానికి మనిషిపై పట్టు దొరుకుతుందన్న భయం దీని వెనుక ఉన్నదని ఊహించవచ్చు. మనుస్మృతి రెండవ అధ్యాయంలో ఈ విధులకు వర్ణభేదం తోడయినది. బ్రాహ్మణుని పేరు మంగళాన్ని, క్షత్రియుని పేరు బలాన్ని, వైశ్యుని పేరు ధనాన్ని సూచించాలట. శూద్రుని పేరు మాత్రం జుగుప్సితంగా ఉండాలట. ఇంకా కళ్ళు నిలిపి చూడడం కూడా రాని శిశువుకు సంఘంలో అతని చోటేదో పేరుతోనే చెప్పివేయడం దీని ఉద్దేశం.

అయితే శాస్త్రం చెప్పినదంతా లోకం పాటించినదని తలచరాదు. శాసనాలు మరొక దృశ్యాన్ని చూపుతున్నవి. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పుళుమావి వంటి శాతవాహన ప్రభువులు తల్లి పేరును ముందుంచుకొని తమ పేర్లు చెప్పుకొన్నారు. అమరావతి స్తూపానికి పూర్ణకుంభం చెక్కిన రాతిపలకను సమర్పించినవాడు విధికుడనే చర్మకారుడు. తాను ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడనని అతడు ఆ రాతిమీద చెప్పించుకొన్నాడు. తన పేరు, తండ్రి పేరు, తన వృత్తి, మూడింటినీ ఒక్క వరుసలో ఏ సంకోచమూ లేకుండా నిలిపాడు. తరువాతి శతాబ్దాలలో ఆ వృత్తి పేరే ఒక తిట్టుగా మారినదని తెలిసిన మనకు ఆ చిన్న శాసనం పెద్ద రాజప్రశస్తికన్న విలువైనదిగా తోస్తుంది. కాకతీయ రుద్రమదేవి రుద్రదేవ మహారాజు అన్న పురుషనామంతో సింహాసనమెక్కినది. రాజ్యం చేయడానికి స్త్రీకి స్త్రీ పేరు చాలలేదు. ఆమె మరణాన్ని తెలిపే 1289 నాటి చందుపట్ల శాసనం మాత్రం ఆమెను రుద్రమదేవిగానే స్మరించినది.

ఇక మన పల్లెల పేర్లకు వద్దాము. పుల్లయ్య, పెంటయ్య, బిచ్చయ్య, భిక్షాలు, బుచ్చమ్మ అన్న పేర్లు వినగానే నవ్వే చదువరులు కలరు. ఈ పేర్ల పుట్టుక మాత్రం నవ్వదగినది కాదు. పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోతూ ఉండిన ఇళ్ళలో ఈ పేర్లు పుట్టినవి. భోజనాలైన తరువాత పారవేసిన ఎంగిలి విస్తరిమీద బిడ్డను పొర్లించి పుల్లయ్య అన్నారు. పెంటకుప్పమీద పడుకోబెట్టి తీసుకొని పెంటయ్య అన్నారు. బిచ్చమెత్తి తెచ్చిన గుడ్డ తొడిగి భిక్షాలు అన్నారు. ఇది ఎవరికీ అక్కరలేని బిడ్డ, దీనిని తీసుకొనిపోయి లాభమేమి అని మృత్యువును మోసగించడం ఈ తంతు పరమార్థం. ఈ ఉపాయం మనకు మాత్రమే పరిమితం కాదు. తమిళులలో కుప్పుసామి, పిచ్చై అన్న పేర్లూ, వంగదేశంలో మూడు గవ్వలకు అమ్మినట్లు నటించి పెట్టిన తీన్‌కౌడి, అయిదు గవ్వల పాఁచ్‌కౌడి అన్న పేర్లూ ఈ కోవలోనివే. నోటితో నీచంగా పిలుస్తూ గుండెలో దాచుకొన్న ప్రేమ ఈ పేర్ల అర్థం. గురజాడ కన్యాశుల్కంలో బుచ్చమ్మకు ఆ పేరు పెట్టినప్పుడు, అగ్నిహోత్రావధానుల ఇంటి పూర్వచరిత్రను ఒక్క మాటలో సూచించాడని చదువరి గ్రహించవచ్చు. అదే నాటకంలో పూటకూళ్ళమ్మకు వృత్తియే పేరైనది. ఆమె సొంతపేరును అడిగినవారు ఆ నాటకంలో లేరు.

ఒక చిక్కు ఇక్కడనే ఉన్నది. ప్రేమతో పెట్టిన నీచనామానికీ, తిరస్కారంతో పెట్టిన నీచనామానికీ అక్షరాలు ఒక్కటే. కలిగిన ఇంటిలో పుల్లయ్యకు వయస్సు రాగానే పుల్లయ్యగారు అన్న గౌరవం అమరినది. పుల్లమరాజు, పుల్లయ్యశాస్త్రి అని కూడా వెలసినారు. పేదవాని విషయంలో ఆ గారు రాలేదు. ఎంత వయస్సు వచ్చినా, ఎందరు మనుమలు కలిగినా, అతడు పుల్లిగాడే. ఆ మాటకు వస్తే పేరు మంచిదైనంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. రాముడన్నది ఒకటే పేరు. ఒక వీధిలో అది రామయ్యగారు, మరొక వీధిలో రామయ్య, ఊరి చివర రామిగాడు. దైవనామం కూడా ఊరిలో నడుస్తూ నడుస్తూ ఇంత తగ్గిపోయినది. తమ పేర్లు తమకు నచ్చవని చెప్పే పెద్దవారి మాటలను జాగ్రత్తగా వింటే, వారి కష్టం పేరుతో కాదనీ, ఆ పేరును లోకం పలికిన తీరుతోననీ తెలుస్తుంది.

ఆడవారి విషయం మరొక విధమైనది. 1865లో మహారాష్ట్రంలో యమున అన్న పేరుతో పుట్టిన బాలిక, పెండ్లి తరువాత భర్త పెట్టిన ఆనందీబాయి అన్న పేరుతో 1886లో ఫిలడెల్ఫియాలో వైద్యపట్టం పొందినది. రానడే సతీమణి రమాబాయి పుట్టింటి పేరు కూడా యమునయే. రవీంద్రుని భార్య భవతారిణిగా అత్తింట అడుగుపెట్టి మృణాళినిగా మారినది. భవతారిణి అన్న పేరుకు లోటేమి? పాతవాసన కలదని కొత్త ఇంటివారికి తోచినది కాబోలు. ఆమెకేమి తోచినదో సాహిత్యచరిత్రలు అడగలేదు. భర్త పేరును నోట పలుకరాని కట్టడి ఒకవైపు, తన పేరే మారిపోయే ఆచారం మరొకవైపు. ఈ రెంటి నడుమ స్త్రీకి పేరు తనదన్న ధీమా ఎట్లు కలుగుతుంది? ఇది గతించిన గాథ మాత్రమే కాదు. మహారాష్ట్రలోని సాతారా జిల్లాలో, ఆడపిల్లలు ఇక వద్దన్న అర్థం వచ్చే నకుషా అన్న పేరుతో పెరుగుతూ ఉండిన 280 మందికి పైగా బాలికలకు 2011లో బహిరంగంగా కొత్త పేర్లు పెట్టించారు. పుల్లయ్య పేరులో దాగిన ప్రేమ నకుషా పేరులో లేదు. అక్కడ మాట ఏమి చెప్పినదో మనస్సు కూడా అదే చెప్పినది.

పేరుపై తిరుగుబాటు ఇరవయ్యవ శతాబ్దపు విశేషం. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ పేర్ల చివరి కులనామాలను విడవవలసినదని తీర్మానించినది. మనలో పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి సుందరయ్యగా మిగిలాడు. 1965లో దిగంబర కవులు ఆరుగురు తల్లిదండ్రులు పెట్టిన పేర్లను పక్కకు పెట్టి, నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అని తమకు తామే పేర్లు పెట్టుకొన్నారు. వారి మొదటి సంపుటిని అర్ధరాత్రివేళ ఆవిష్కరించినవాడు నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. కవులు పేర్లు మార్చుకొని వచ్చారు. అతడు తన పేరుతోనే వచ్చాడు. ఆ వైరుధ్యం ఆలోచింపదగినది. పేరు మార్చుకొనడం కూడా అందరికీ అందే స్వేచ్ఛ కాదు.

కలంపేర్ల వెనుక సైతం ఇటువంటి మనోభావాలే పనిచేసినవి. శ్రీరంగం శ్రీనివాసరావు పొడి అక్షరాలను మిగుల్చుకొని శ్రీశ్రీ అయినాడు. భాగవతుల సదాశివ శంకరశాస్త్రి ఒక నక్షత్రాన్ని ఎన్నుకొని ఆరుద్ర అయినాడు. శివరాజు వెంకట సుబ్బారావు బుచ్చిబాబు అన్న ముద్దుపేరునే సాహిత్యంలోకి తెచ్చుకొన్నాడు. వీరందరికన్న భిన్నమైన మార్గం గుర్రం జాషువాది. కలంపేరు చాటుకు పోకుండా, బైబిలు నుండి వచ్చిన పేరును ఉన్నదున్నట్లుగా పద్యకవుల నడుమ నిలబెట్టాడు. సభలలో ఆ పేరు విని కులం వెదకినవారే తరువాత ఆ పేరును గౌరవంతో పలుకవలసి వచ్చినది. 1964లో ఆయన క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. పేరును మార్చక, పేరుకున్న విలువను మార్చడం ఆయన సాధించిన విజయం.

నేడు పిల్లలు బతుకుతున్నారు. ఎంగిలాకుమీద పొర్లించవలసిన అవసరం చాలవరకు తీరినది. దానితో పుల్లయ్య, పెంటమ్మ అన్న పేర్లు తాతలతో, అవ్వలతో పోతున్నవి. అది దుఃఖింపవలసిన విషయం కాదు. కాని ఆ పేర్లను మోసినవారు ఇంకా ఉన్నారు. పేరు అడిగితే ఒక్కక్షణం ఆగి చెప్పేవారు ఉన్నారు. రచయితలకు ఈ విషయంలో ఒక బాధ్యత కలదు. మన కథలలో పనివానికి పుల్లిగాడన్న పేరు, యజమానికి సంస్కృత సమాసం అనాలోచితంగా వచ్చి పడుతున్నవి. కథలో నవ్వు కోసం పెట్టిన పెంటయ్య పేరు, ఆ పేరుతోనే బడికి వెళ్ళిన ఒక చదువరిని గాయపరచవచ్చు. అనువాదకునికి ఇది మరింత కష్టం. పుల్లయ్యను హిందీలో పుల్లయ్య అనే వ్రాస్తే ఆ తల్లి భయం అందదు. అర్థం చెప్పి వ్రాస్తే ఆ బిడ్డ పరువు దక్కదు. కనుక మూలరచయితయే ఆ పేరు వెనుక ఇంటిని, ఆ ఇంటిలో అంతకు ముందు పోయిన బిడ్డలను కథలో ఎక్కడో ఒకచోట చూపడం మేలు. అప్పుడు ఏ భాషలోకి పోయినా ఆ పేరు అర్థం పేరుతో పాటే పోతుంది. పాత్రకు పేరు పెట్టేటప్పుడు, ఇది ఎవరు పెట్టిన పేరు, ఈ మనిషి దీనిని ఎట్లు మోస్తున్నాడు అని ఒక్కమారు అడగడం రచయిత చేయవలసిన మొదటి పని.