గొడ్డలి నుండి గొలుసు రంపము దాక

ఎర్రగుంట్ల పేరు వినగానే మనకు మొదట స్ఫురించునది నాపరాయి. కడప నుండి గుత్తికి పోవు రైలుదారిపై నున్న ఈ ఊరు ప్రొద్దుటూరునకు వాకిలి వంటిది. చుట్టును రాతిగనులు, సిమెంటు కర్మాగారములు. రాతిని కోయు రంపములను గురించి ఇచ్చట పిల్లలకు కూడ కొంత తెలియును. కాని ఆ ఊరి బాటల ప్రక్కన చింతలు, వేపలు, తుమ్మలు ఉన్నవి. పొలము గట్ల నాక్రమించిన కంపచెట్లు ఉన్నవి. తూర్పునను ఆగ్నేయమునను గల కొండలలో, దక్షిణపు తూర్పు కనుమలలో తప్ప లోకమున మరెచ్చటను సహజముగా పెరుగని ఎర్రచందనము ఉన్నది. ఈ మ్రాకులను మనవారు దేనితో కోసిరి? ఒక పనిముట్టు పోయి మరియొకటి వచ్చినప్పుడు చెట్టునకును మనిషికిని ఏమైనది? ఈ ప్రశ్న మన ప్రాంతపు చరిత్రలో చిన్నది కాదు. ఆ కథను చెప్పుచు, నేడు రంపమును ఎన్నుకొనువారు గమనింపవలసిన సంగతులను కూడ ఈ ప్రసంగమున మనవి చేయదలచినాము.

పూర్వము చెట్టును పడగొట్టుటకు గొడ్డలియే ఆధారము. గొడ్డలి మొదలులోనికి సూటిగా పోజాలదు. ఇరుప్రక్కల నుండి ఏటవాలుగా చెక్కుచు, నోరు తెరచినట్లు గండి చేయవలెను. చెట్టు ఎంత లావైన గండి అంత వెడల్పు. ఆ మేరకు కలప యంతయు తునకలై నేల పాలగును. తుమ్మ వంటగదికి పోవునదైనచో ఆ తునకలును పొయ్యిలోనికే పోవును గావున నష్టము లేదు. ఎర్రచందనము మాట వేరు. దాని చేవ నీటిలో మునుగునంత బరువైనది. దానిని తూకము లెక్కన అమ్ముదురు. కోరమాండల్ తీరము నుండి ఈ చేవ ఐరోపాకు రంగుచెక్కగా ఎగుమతి యగుచుండెను. రసాయనపు రంగులు వచ్చిన తరువాత ఆ వర్తకము క్షీణించెను. అటు పిమ్మట జపానువారు తమ షమిసెన్ అను తంతివాద్యమునకు ఈ కొయ్యను కోరిరి. ఇట్టి చెట్టును గొడ్డలితో నరుకుట యనగా ధాన్యమును కొలుచునప్పుడు ప్రతి కుంచమునకును ఒక పిడికెడు నేలపై పారబోయుటయే.

పందొమ్మిదవ శతాబ్దపు నడుమ రైలు వచ్చెను. మదరాసు రైల్వే కంపెనీ వారు అరక్కోణము, రేణిగుంట, కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి మీదుగా వేసిన దారి 1871లో రాయచూరు వద్ద బొంబాయి దారితో కలిసినది. ఇనుప పట్టాల క్రింద పరచుటకు కొయ్య దిమ్మెలు కావలెను. ఇంజనులలో కాల్చుటకు కట్టెలు కావలెను. అంతకుముందు ఊరి వంటకును వడ్రంగి పనికిని సరిపోవుచుండిన అడవిపై యంత్రపు ఆకలి వచ్చి పడెను. మదరాసు రాజధానిలో 1856లో అడవుల సంరక్షకుడుగా నియమితుడైన హ్యూ క్లెగ్‌హార్న్ అను వైద్యుడు 1861లో ప్రకటించిన గ్రంథమున దక్షిణ భారతపు అడవుల స్థితిని వివరించెను. 1882లో మదరాసు అడవుల చట్టము వచ్చెను. నాడు ఊరివారు నిన్నటి వరకు తిరిగిన కొండ ఒక్కనాటిలో రిజర్వు అయ్యెను. అది వారికి కష్టము కలిగించిన మాట వాస్తవము. అదే కంచె లేకున్నచో మనకు మిగిలిన అడవి ఇంకను తక్కువయై యుండెడి దనుటయు వాస్తవమే. 1889లో ఎల్లెందు గనులలో బొగ్గు త్రవ్వకము ఆరంభమగుటతో కట్టెలపై ఇంజనుల భారము క్రమముగా తగ్గుటకు దారి ఏర్పడినది.

గొడ్డలి తరువాతి స్థానము ఇద్దరు లాగు అడ్డకోత రంపమునది. దాని కోత వెడల్పు ఒక వ్రేలికి మించదు గావున కలప మిగులును. పడిన దుంగను పలకలుగా చీల్చుటకు మరియొక రంపము, మరియొక పద్ధతి. గుంట త్రవ్వి, దానిపై దుంగను నిలిపి, ఒకడు పైనను ఒకడు గుంటలోను నిలిచి కోయుచుండిరి. పైవాడు గీతను చూచును. క్రిందివాడు కంటిలో పొట్టు పడకుండ తల వంచుకొని లాగును. ఈ రెండు రంపముల పండ్లు ఒక తీరువి కావు. నారకు అడ్డముగా కోయు పన్ను కత్తిమొన వలె నారను తెంచవలెను. నార వెంబడి చీల్చు పన్ను ఉలి వలె చెక్కవలెను. మెత్తని కొయ్యకు పెద్ద పన్ను, గట్టి చేవకు చిన్న పన్ను. ఈ జ్ఞానము పుస్తకములలో కాక ఆకురాయి పట్టిన చేతులలో ఉండెను. కోతవాడు పని మొదలిడుటకు ముందు రంపమును మోకాళ్ల నడుమ నిలిపి పన్ను వెంట పన్ను రాచుకొనుట పనిలో భాగమే గాని ఆలస్యము కాదు. ఈ ఒక్క మాటను జ్ఞప్తి యందుంచుకొనవలసినదిగా శ్రోతలను కోరుచున్నాము. ముందు దీనితో పని యున్నది.

గొలుసునకు పండ్లు తగిలించి కోయు ఆలోచన అడవిలో పుట్టినది కాదు. పదునెనిమిదవ శతాబ్దపు చివర స్కాట్లాండు వైద్యులైన జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అనువారు ఎముకను కోయుటకు చేతితో లాగు సన్నని గొలుసు రంపమును వాడిరి. 1830 ప్రాంతమున జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనె దానికి పిడిని అమర్చి త్రిప్పు సాధనముగా మార్చెను. చెట్లను కోయు యంత్రముగా అది రూపొందుటకు మరి నూరేండ్లు పట్టినది. 1926లో ఆండ్రియాస్ స్టిల్ విద్యుత్తుతో నడుచు రంపమును, 1927లో ఎమిల్ లెర్ప్ పెట్రోలుతో నడుచు రంపమును జర్మనీలో తయారు చేసిరి. అవి ఇద్దరు మోయవలసిన బరువులు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఒక్కడే మోయగల రంపములు వ్యాప్తికి వచ్చినవి.

యంత్రము తేలికయైనను గొలుసు లోపము తీరలేదు. ఆనాటి పండ్లు చేతిరంపపు పండ్ల వంటివే. అవి నారను గీరి పొడి చేయుచు త్వరగా మొద్దువారుచుండెను. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రమున జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అను కలప పనివాడు కొయ్యను తొలుచు ఒక పురుగును పరీక్షించి చూచెను. దాని దవడలు ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు కొరుకుచు ముందుకు సాగుచుండెను. ఆ పద్ధతిని ఉక్కులో అనుకరించి 1947లో అతడు అమ్మకమునకు తెచ్చిన గొలుసులో కుడి పన్నును ఎడమ పన్నును మార్చి మార్చి ఉండి, కొయ్యను గీరక చెక్కు తీసెను. నేడు ప్రపంచమంతట వాడుచున్న గొలుసులు ఆ వంశమునకు చెందినవే.

ఇక ఎన్నిక సంగతి. అంగడికి పోయినవాడు సాధారణముగా ఇంజను ఎంత పెద్దదని అడుగును. అడుగవలసిన మొదటి ప్రశ్న అది కాదు. ఏ చెట్టును ఎచ్చట కోయవలెనన్నది. కొమ్మలకును కంపచెట్లకును 35 నుండి 40 సీసీల ఇంజను, 14 లేక 16 అంగుళముల బారు చాలును. బాట ప్రక్కని ముదురు చింత మొదలునకు 60 నుండి 70 సీసీలు, 20 అంగుళముల బారు తగియుండును. బారు చెట్టంత పొడవు ఉండవలెనను భావము సరికాదు. నేర్పరి ఇరుప్రక్కల నుండి కోసి బారునకు దాదాపు రెండింతల లావు గల మొదలును పడగొట్టగలడు. చిన్న ఇంజనునకు పొడవైన బారు తగిలించినచో గొలుసు వేగము చచ్చును, కోత వేడెక్కును.

గొలుసును కొనునప్పుడు మూడు కొలతలు తప్పక చూడవలెను. మొదటిది పిచ్. వరుసగా మూడు రివిట్ల నడుమ దూరములో సగము అది; .325 అంగుళము, 3/8 అంగుళము అనునవి తరచుగా దొరకునవి. రెండవది గేజి, అనగా బారు గాడిలో నడుచు లంకె మందము; .050, .058, .063 అంగుళములు. మూడవది ఆ లంకెల సంఖ్య. పిచ్ స్ప్రాకెట్టునకును, గేజి బారు గాడికిని, సంఖ్య బారు పొడవునకును సరిపోవలెను. ఇందు ఏ ఒక్కటి తప్పినను గొలుసు పట్టదు, లేదా పట్టినట్లే ఉండి పరుగులో జారును. జారిన గొలుసు ఎవరిని తాకునో ముందుగా చెప్పలేము.

పన్ను ఆకారము నాలుగవ విషయము. ఎర్రగుంట్లకు ఇదే ముఖ్యము. మూల చదరముగా నుండు ఉలిపన్ను శుభ్రమైన పచ్చికొయ్యలో వేగముగా కోయును, కాని దాని మొన సుకుమారము. మూల గుండ్రముగా నుండు అర్ధ ఉలిపన్ను కొంత నెమ్మది యైనను పదును నిలుపుకొనును. మన చెట్ల బెరడులో రాతిపొడి, సిమెంటు ధూళి, ఎర్రమట్టి పేరుకొని యుండును. బాట ప్రక్కని చెట్లలో ఎవరెప్పుడు దిగగొట్టిరో తెలియని మేకులుండును. ఎండిన తుమ్మ, చింత చేవ స్వభావముననే గట్టివి. ఇట్టి చోట అర్ధ ఉలిపన్ను కొనుట వివేకము. కోయుటకు ముందు కోతగీత వద్ద బెరడును గొడ్డలితో చెక్కివేసినచో గొలుసు ఆయువు పెరుగును. పాత గొడ్డలికి కొత్త రంపము వద్ద ఇప్పటికిని పని యున్నది.

ఆకురాయిని గురించి ముందు చెప్పితిమి. .325 పిచ్ గొలుసునకు 4.8 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి, సామాన్యముగా దొరకు పెద్దరకపు 3/8 గొలుసునకు 5.2 మిల్లీమీటర్లది వాడుదురు. సాధారణ కోణము 30 డిగ్రీలు. గట్టి కొయ్యకు 25 డిగ్రీల వరకు తగ్గించుట కలదు. పన్ను ముందున్న లోతు నియంత్రణపు మెట్టను అతిగా రాచినచో పన్ను చేవలో లోతుగా పట్టి రంపము ఎగిరిపడును. చెక్కులకు బదులు మెత్తని పొడి రాలుచున్నచో, రంపమును బలముగా నొక్కవలసి వచ్చుచున్నచో, పదును పోయినదని గ్రహింపవలెను. మిక్కిలి ఎండిన చేవలో పదును గల పన్ను కూడ సన్నని పొట్టునే రాల్చును గావున, పొట్టును మాత్రమే కాక చేతికి తెలియు బరువును కూడ గమనింపవలెను. వేసవి ఎండలో గొలుసు నూనె పలుచబడును. చిక్కని నూనె మేలు. పని ముగిసిన తరువాత గొలుసు బిగువును సడలింపవలెను. వేడిలో సాగినది చల్లారినప్పుడు కుదించుకొని బారును ఇంజను కుదురును లాగును.

చేతిరంపము మనిషిని అలసటతో చంపెడిది. గొలుసు రంపము క్షణములో చంపును. బారు కొన పైభాగము కొయ్యను తాకినచో రంపము కన్ను మూసి తెరచునంతలో ముఖము పైకి ఎగురును. ఈ ప్రమాదమును అరికట్టు గొలుసు బ్రేకు 1970ల తొలి సంవత్సరములలో వాడుకలోనికి వచ్చినది. బ్రేకు లేని పాత రంపము చవుకగా దొరకినను కొనరాదు. దాని చప్పుడు వినువాని చెవి వద్ద 100 డెసిబెల్సు దాటును. ఏండ్ల తరబడి అదురు తగిలిన వ్రేళ్లు తెల్లబడి స్పర్శ కోల్పోవును. శిరస్త్రాణము, చెవికప్పులు, గొలుసును నిలువరించు పీచుతో నేసిన కాళ్ల తొడుగు అనునవి మన కూలీలకు ఇంకను అరుదైన వస్తువులు. కోత గుత్తకు ఇచ్చువాడు రంపము ధరతో పాటు వీని ధరను కూడ లెక్కలో చేర్చవలెను. లేకున్నచో ఆ మిగులు కూలి కాలి ఖరీదు.

చివరి మాట చెట్టును గురించి. ఎర్రచందనము 1995లో అంతర్జాతీయ వర్తక నియంత్రణ ఒడంబడిక రెండవ జాబితాలో చేరినది. 2002లో మన రాష్ట్రమున నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చి, చెట్టును కొట్టుటకు అనుమతి పొందవలెనను నియమము ఏర్పడినది. చట్టము లున్నను దొంగకోత ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలము అడవిలో పోలీసు కాల్పులకు తమిళనాడు నుండి వచ్చిన 20 మంది బలియైరి. కూలికి కొండ ఎక్కినవాని ప్రాణము అచ్చటనే పోవును. చేవ మాత్రము సముద్రములు దాటును.

గొడ్డలి కాలమున పెద్ద చెట్టును కొట్టుటకు పూట పట్టెడిది. ఆ పూటలో ఊరివాడొకడు వచ్చి, ఇది ఎందుకు కొట్టుచున్నారని అడుగుటకు వ్యవధి ఉండెను. నేడు మంచి రంపము ఆ పనిని కొన్ని నిమిషములలో ముగించును. కావున ఆ ప్రశ్నను రంపము తాడు లాగుటకు ముందే అడిగి, సమాధానము విని, పిమ్మట లాగవలెను. నీడ కరవైన మన సీమలో వేసవి మధ్యాహ్నము బాట నడచువానికి ఒక ముదుసలి చింత విలువ ఏమో వేరుగ చెప్పనక్కరలేదు.