కరువు సీమలో ప్రార్థన: ఏ వాక్యం, ఎవరి నోట?

మన సాహిత్య చరిత్రల్లో బైబిలు తెలుగుకు రెండు చోట్లే స్థానం దొరుకుతుంది. ఒకటి అచ్చుయంత్రం కథలో, రెండోది వెక్కిరింతలో. "పాదిరీ తెలుగు" అని నవ్వి వూరుకోవటం పండితులకు అలవాటు. ఆ తెలుగును ఎవరు, ఏ పరిస్థితుల్లో నోటికి తెచ్చుకున్నారని అడిగినవారు తక్కువ. నేనీ ప్రశ్నను కొత్తచెరువు దగ్గర నిలబడి అడుగుతున్నాను. పేరులోనే చెరువున్న వూరు; పొరుగునే విజయనగర కాలపు బుక్కపట్నం చెరువు; అటు పెనుకొండ. ఇన్ని చెరువులున్నా ఆకాశంకేసి చూడక తప్పని సీమ. 2022లో అనంతపురం జిల్లా చీలి ఈ వూరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గాని, శనక్కాయ చేను మాత్రం ఇప్పటికీ వానకోసమే కాచుకుని వుంటుంది.

లేఖనంలోని మాటలతోనే దేవుణ్ణి అడగటం క్రైస్తవంలో ఎంతో పాత ఆచారం. యూదుల కీర్తనలను తొలి క్రైస్తవులు తమ ప్రార్థనలుగా తీసుకున్నారు. 6వ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠవాసులకు 150 కీర్తనలనూ వారం తిరిగేలోగా ముగించాలని నియమం పెట్టాడు. 12వ శతాబ్దంలో గిగో అనే సన్యాసి చదువు, మననం, ప్రార్థన, ధ్యానం అంటూ దీనికి నాలుగు మెట్ల నిచ్చెన కట్టాడు. చేతిలో పుస్తకం, రోజులో తీరిక వున్నవాళ్ల సాధన అది. తెలుగునాట అదే ఆచారం పుస్తకం కొనలేని, అక్షరం రాని, తీరిక ఎరగని మాల మాదిగల నోటికి వచ్చింది. దాని స్వభావం మారింది ఇక్కడే.

అచ్చు కథ క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 18వ శతాబ్దం తొలి సగంలో షుల్జ్ మద్రాసులో బైబిలును తెలుగు చేశాడు. 1805లో లండన్ మిషన్ పక్షాన విశాఖపట్నం చేరిన క్రాన్, డెగ్రాంజిల పని ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సాగి, 1812లో సీరాంపూరులో మూడు సువార్తలుగా అచ్చయింది. అదే మిషన్ 1810లో బళ్లారికి వచ్చింది. అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగమే. ఇక బ్రౌను సంగతి. వేమన పద్యాలను ఏరి 1829లో అచ్చు వేయించిన ఆయనే బైబిలు అనువాదం మీదా పనిచేశాడు. వేమన సమాధి వున్న కటారుపల్లి కదిరి పక్కన, ఈ సీమలోనే వుంది. ఈ రెండు పనుల్నీ పక్కపక్కన పెట్టి చూడరు మన విమర్శకులు.

వేదం చెవిన పడకూడదన్న జాతులకు దేవుడి మాట తెలుగులో, తమ నోటనే పలికే హక్కు దొరకటం చిన్న సంగతి కాదు. దీన్ని మిషనరీల దానంగా చెప్పుకోవటం మటుకు చరిత్రకు అన్యాయం. 1866లో ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవంలో చేరి వందలమందిని వెంట తెచ్చిన యెర్రగుంట్ల పేరయ్య అంతకుముందే రాజయోగ సంప్రదాయంలో సాధన చేసిన మాదిగ. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య వున్నాడని జనం చెప్పుకుంటూనే వున్నారు. తత్వాలను తరాల తరబడి కంఠంలో మోసిన వాడలు అవి. పుస్తకం మిషనరీలది, కంఠస్థం చేసే విద్య వాళ్లది.

తెలుగు వ్యాకరణం ఈ ప్రార్థనలో చేసిన పని వొకటి వుంది. ఇంగ్లీషులో "మన"కూ "మా"కూ తేడా లేదు, తెలుగులో వుంది. పరలోక ప్రార్థనను తెలుగు చేసినవారు "మా"నే వాడారు. ఎదుటివాణ్ణి కలుపుకోని మాట. దేవుడితో మాట్లాడేటప్పుడు అది వ్యాకరణరీత్యా సహజమే. కాని కూలిజనం రెడ్డి వాకిట్లో నిలబడి అడిగేదీ ఈ "మా"తోనే. ఆ ప్రార్థనలో అడిగే తిండి కూడా ఏడాదికి సరిపడా గాదె గింజలు కాదు, ఏ రోజుది ఆ రోజుకే. 1876-78 కరువులో బళ్లారి జిల్లా మాడిపోతున్నప్పుడు రిచర్డ్ టెంపుల్ పనిలోకి వచ్చిన మగకూలీకి రోజుకు పౌను ధాన్యం, వొక అణా చాలునని 1877లో కూలి తెగ్గోశాడు. అదే కరువు చివర, 1878 జులై 3న, ఒంగోలు మిషన్‌లో వొక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటికోసం మతం మారారని ఎత్తిపొడిచేవారు, ఆ ప్రార్థనే కూడు అడుగుతుందన్న సంగతి మరిచిపోతారు.

మార్క్స్ 1844లో అచ్చయిన వ్యాసంలో మతాన్ని మత్తుమందుతో పోల్చాడని అందరికీ తెలుసు. దానికి ముందే పీడితుల నిట్టూర్పు గురించీ, బాధ మీద నిరసన గురించీ ఆయన చెప్పింది మనలో చాలామంది దాటేస్తారు. లేఖన ప్రార్థన నిట్టూర్పవుతుందా, నిరసనవుతుందా అన్నది ఏ వాక్యం ఎత్తుకున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. అసలు తగువు ఇక్కడే.

వాన పడనప్పుడు మన గుళ్లలో భజనలు, మసీదుల్లో నమాజులు ఎలా జరుగుతాయో చర్చీల్లో ఏలీయా ప్రార్థన అలా ఎత్తుకుంటారు. అతను ప్రార్థించగా మూడున్నరేళ్ల కరువు తీరి వాన పడిందని యాకోబు పత్రిక అయిదో అధ్యాయం 17, 18 వచనాలు చెబుతాయి. సరిగ్గా పదమూడు వచనాల పైన, నాలుగో వచనంలో, పొలం కోసిన కూలీలకు ఎగ్గొట్టిన కూలి కేకలు పెడుతుందని వుంది. కరువు ప్రార్థనకు కింది వచనం పనికొచ్చింది, పై వచనం పనికిరాలేదు! రాజుల మొదటి గ్రంథంలోనూ ఇంతే. పద్దెనిమిదో అధ్యాయంలో అహాబు రాజ్యంలో వాన. ఇరవై ఒకటిలో అదే అహాబు నాబోతు ద్రాక్షతోటను అబద్ధపు సాక్ష్యంతో కాజేస్తాడు. అక్కడికి వెళ్లి నిలదీసేదీ ఏలీయాయే. వానకోసం ఏలీయాను పిలిచేవారు భూమికోసం పిలవరు. కొత్త సంవత్సరం నాడు వాగ్దానపు కార్డులు తీసుకునే అలవాటు వుంది. నేను చూసిన కార్డుల్లో ఆశీర్వాదాలే గాని, నాబోతు కనపడలేదు.

వాక్యాలను ఏరటం కొత్త విద్యేం కాదు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ నీగ్రో బానిసల కోసమని వొక బైబిలు అచ్చేశారు. ఐగుప్తు నుంచి బానిసలు బయటపడ్డ కథను అందులోంచి తీసేశారు. అమెరికా బానిసలు మాత్రం చెవిన పడ్డ ఆ కథనే పాటలుగా కట్టుకుని పాడుకున్నారు. కత్తిరించేవాడికీ పాడేవాడికీ అసలు ప్రాణం ఏ వాక్యంలో వుందో తెలుసు.

యిర్మీయా గ్రంథం పద్నాలుగో అధ్యాయం చదివితే ఈ సీమవాడే రాశాడనిపిస్తుంది. పెద్దలు నీళ్లకోసం చిన్నవాళ్లను పంపితే ఖాళీ కుండలతో తిరిగొస్తారు; నేల బీటలు వారుతుంది; గడ్డి లేక జింక అప్పుడే ఈనిన పిల్లను వదిలిపోతుంది. ఎవరు పంపారు, ఎవరు నడిచారు అన్నది కూడా ఆ కవి మరవలేదు. అక్కడ దేవుడు ఈ జనం కోసం ప్రార్థించవద్దని ప్రవక్తకు చెప్పినా, ప్రవక్త వాదన మానడు. 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా ఇలాంటి మొరలే. దేవుణ్ణి నిద్రలేపేవి, జాప్యమెందుకని అడిగేవి. పొగడ్త పాటలంత తరచుగా ఇవి మన ఆరాధనల్లో వినపడవు.

ఈ మొర మన సాహిత్యంలోకి రాకపోలేదు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా క్రైస్తవ కుటుంబంలో పెరిగాడు. "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అయినా విమర్శకులు ఆయన క్రైస్తవాన్ని ఆ వొక్క పుస్తకంలోనే వెతికారు. 1941 నాటి "గబ్బిలం"లో గుడిలోకి అడుగు పెట్టలేని అరుంధతీసుతుడు తన గోడును శివుడి చెవిన వేయమని గబ్బిలాన్ని పంపుతాడు. కాళిదాసు మేఘసందేశమే దానికి నమూనా అని పాఠం చెబుతాం. అది నిజమే. కాని యక్షుడి విరహానికీ, ఆకలిగొన్నవాడు దేవుడి మీద పెట్టే ఫిర్యాదుకూ మధ్య వున్న దూరాన్ని మేఘసందేశం పూడ్చలేదు. నా అభిప్రాయంలో ఆ రెండోది చిన్ననాట చర్చిలో విన్న మొరకీర్తనల గొంతు. దేవుడి పేరు మారింది, అడిగే తీరు మారలేదు.