నార్వే జాజ్: పరాయి పాట నేర్చుకుని సొంత పాట కనుక్కున్న కథ

ఈ ఏడాది బడి పత్రికకు చరిత్ర వ్యాసం రాయమని మా సాంఘికశాస్త్రం సార్ చెప్పినప్పుడు క్లాసులో చాలామంది శ్రీకృష్ణదేవరాయలు అన్నారు. కొందరు అల్లూరి సీతారామరాజు అన్నారు. నేను నార్వే దేశపు జాజ్ సంగీతం గురించి రాస్తానంటే అందరూ నవ్వారు. సార్ మాత్రం నవ్వలేదు. "దానికీ నీకూ సంబంధం ఏమిటో కూడా రాయి" అన్నారు. అందుకే ఆ సంబంధంతోనే మొదలుపెడతాను.

మా మామ పెళ్ళిళ్ళలో శాక్సఫోన్ వాయిస్తాడు. మా హోసూరు వైపు పెళ్ళిళ్ళలో నాదస్వరంతో పాటు శాక్సఫోన్ కూడా వినిపిస్తుంది. మంగళూరు వైపు నుంచి వచ్చిన కద్రి గోపాల్‌నాథ్ గారు (1949–2019) ఆ విదేశీ వాద్యం మీద కర్ణాటక సంగీతం వాయించి చూపించాక అది మనదే అయిపోయింది. 2024 డిసెంబరులో తబలా విద్వాంసులు జాకీర్ హుస్సేన్ గారు చనిపోయినప్పుడు మామ ఆయన పాత రికార్డింగులు ఫోన్‌లో పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. అందులో ఒకటి 'మేకింగ్ మ్యూజిక్'. జాకీర్ గారి తబలా, హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువు, జాన్ మెక్‌లాగ్లిన్ గిటారు, వాటితో పాటు ఒక శాక్సఫోన్. అది కద్రి గారి వాద్యంలా గమకాలతో లేదు. పెళ్ళి మేళంలా గట్టిగానూ లేదు. కొండ అవతలి నుంచి ఎవరో పిలుస్తున్నట్టు ఉంది.

"ఎవరు మామా ఇది?" అని అడిగాను.

"యాన్ గార్బరెక్ అంట. నార్వే ఆయన. 1986లో అక్కడే, ఓస్లోలోనే రికార్డు చేసినారంట" అన్నాడు.

మంచు దేశం ఆయనా, మన తబలా ఆయనా ఒక చోటికి ఎట్లా వచ్చారు? ఇది తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

చిన్న దేశం, పాత పాటలు

నార్వే ఐరోపా ఖండానికి ఉత్తరాన ఉంది. జనాభా సుమారు 55 లక్షలు. మా పక్కనున్న బెంగళూరు నగరంలో ఉన్నంతమంది కూడా ఆ దేశం మొత్తంలో లేరు. ఆ దేశం వందల ఏళ్ళు డెన్మార్క్ రాజుల కింద ఉంది. 1814 నుంచి 1905 దాకా స్వీడన్ రాజు కింద ఉంది. అందుకే తమ భాష ఏది, తమ పాట ఏది అన్న ప్రశ్న వాళ్ళకు చాలా ముఖ్యం. ఇప్పటికీ నార్వేజియన్ భాషను రెండు రకాలుగా రాస్తారు. ఒకటి డేనిష్ రాతకు దగ్గరగా ఉంటుంది. ఇంకొకటి పల్లెల మాండలికాల నుంచి తయారుచేసుకున్నది. రెండింటికీ బడుల్లో చోటుంది.

వాళ్ళ పల్లెల్లో హార్డాంగర్ ఫిడేలు అనే వాద్యం ఉంది. దానికి పైన నాలుగు తీగలు, వాటి కింద ఇంకో నాలుగో ఐదో తీగలు ఉంటాయి. కింది తీగల్ని కమాను తాకదు. పై తీగ మోగితే అవి వాటంతట అవే మోగుతాయి. మన సారంగిలోనూ సితారులోనూ ఇట్లాంటి తీగలే ఉంటాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

జాజ్ మాత్రం నార్వే సంగీతం కాదు. అమెరికాలోని నల్లజాతి ప్రజలు సృష్టించిన సంగీతం. రాసుకున్నది రాసుకున్నట్టు వాయించకుండా, అక్కడికక్కడే కల్పించుకుంటూ పోవడం దాని ప్రాణం. మన కచేరీల్లో మనోధర్మం అంటారే, దాదాపు అట్లాంటిది.

రేడియోలో విన్న కుర్రవాడు

యాన్ గార్బరెక్ 1947లో పుట్టాడు. తండ్రి పోలండ్ దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆయన్ను ఖైదీగా నార్వేకి తెచ్చారు. యుద్ధం అయిపోయాక ఆయన అక్కడే ఉండిపోయి ఒక నార్వే రైతు కూతుర్ని పెళ్ళిచేసుకున్నాడు. వాళ్ళ కొడుక్కి ఏడేళ్ళు వచ్చేదాకా ఏ దేశపు పౌరసత్వమూ లేదు. పుట్టిన దేశంలోనే పరాయివాడిగా పెరిగాడన్నమాట. తర్వాత ప్రపంచమంతా "నార్వే గొంతు" అనుకున్నది ఆ పిల్లవాడినే.

1961లో, పద్నాలుగేళ్ళ వయసులో, అతను రేడియోలో అమెరికా శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ వాద్యం విన్నాడు. అంతే, శాక్సఫోన్ నేర్చుకోవాలనుకున్నాడు. అదే సంవత్సరం మోల్డె అనే చిన్న సముద్రతీరపు ఊళ్ళో జాజ్ ఉత్సవం మొదలైంది. అది ఇప్పటికీ ఏటా జరుగుతోంది.

అప్పట్లో అమెరికాలో నల్లజాతి సంగీతకారులకు అవమానాలు ఎక్కువ, సంపాదన తక్కువ. రాక్ సంగీతం వచ్చాక జాజ్‌కు అవకాశాలు ఇంకా తగ్గాయి. అందుకని చాలామంది ఐరోపాకు వచ్చేశారు. అట్లా వచ్చిన పెద్ద విద్వాంసుడు జార్జ్ రస్సెల్. ఆయన సంగీత సిద్ధాంతం రాసిన మనిషి కూడా. 1964 నుంచి 1969 దాకా స్కాండినేవియాలో ఉన్నాడు. మోల్డెలో గార్బరెక్ వాద్యం విని తన బృందంలో చేర్చుకున్నాడు. గిటారు వాయించే టెర్యె రీప్‌డాల్, బేస్ వాయించే ఆరిల్డ్ ఆండెర్సెన్, డ్రమ్స్ వాయించే యోన్ క్రిస్టెన్సెన్ కూడా ఆయన దగ్గర పనిచేశారు. ఆ కుర్రవాళ్ళకు ఆ బృందమే ఒక బడి అయింది. వీళ్ళకంటే ముందుతరం గాయని కారిన్ క్రోగ్ కూడా డెక్స్‌టర్ గోర్డన్, ఆర్చీ షెప్ లాంటి అమెరికన్లతో సమానంగా పాడి రికార్డులు చేసింది.

1969లో జర్మనీలోని మ్యూనిక్‌లో మాన్‌ఫ్రెడ్ ఐకర్ అనే ఆయన ఇ.సి.ఎం. అనే రికార్డు సంస్థ పెట్టాడు. 1970 సెప్టెంబరులో ఓస్లోకి వచ్చి పైన చెప్పిన నలుగురితో 'ఆఫ్రిక్ పెప్పర్‌బర్డ్' రికార్డు చేశాడు. సౌండ్ ఇంజనీరు యాన్ ఎరిక్ కాంగ్స్‌హౌగ్. ఈయన వాద్యం ఆగిన తర్వాత మిగిలే నిశ్శబ్దం కూడా వినపడేలా రికార్డు చేసేవాడు. ఆ ధ్వని కోసం బయటి దేశాల సంగీతకారులు ఓస్లోకి రావడం మొదలుపెట్టారు. 1974 ఏప్రిల్‌లో అమెరికా పియానో విద్వాంసుడు కీత్ జారెట్ వచ్చి గార్బరెక్, క్రిస్టెన్సెన్‌లతో, స్వీడన్‌కు చెందిన పాలె డేనియల్సన్‌తో కలిసి రెండు రోజుల్లో 'బిలాంగింగ్' రికార్డు చేశాడు. రేడియో పక్కన కూర్చుని అమెరికా సంగీతం విన్న పిల్లవాడి దగ్గరికి పదమూడేళ్ళలో అమెరికా సంగీతమే వచ్చిందన్నమాట.

బయటివాడు చెప్పిన మాట

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇది. డాన్ చెర్రీ అనే అమెరికా ట్రంపెట్ విద్వాంసుడు స్వీడన్‌లో కాపురం పెట్టాడు. ఏ దేశం వెళ్తే ఆ దేశం పాట నేర్చుకునే మనిషి. గార్బరెక్ బృందంతో పనిచేసినప్పుడు, మీ జానపద సంగీతాన్ని కూడా తీసుకోండి అని వాళ్ళను ఆ వైపు తిప్పింది ఆయనే. అప్పటిదాకా ఆ కుర్రవాళ్ళు కోల్ట్రేన్‌లా వాయించాలనే చూశారు. మీ ఇంట్లో ఏముందో చూసుకోండి అని చెప్పడానికి బయటి మనిషి రావలసి వచ్చింది.

దాని ఫలితం మెల్లగా వచ్చింది. గార్బరెక్ 1980ల చివర ఆగ్నెస్ బూయెన్ గార్నోస్ అనే జానపద గాయనితో కలిసి పాత నార్వే కథాగేయాలను 'రూసెన్స్‌ఫోలె' పేరుతో రికార్డు చేశాడు. ఆండెర్సెన్ కూడా షిర్‌స్టెన్ బ్రోటెన్ బెర్గ్ అనే జానపద గాయనితో 'సాగ్న్' చేశాడు. ఇందులో స్వింగ్ లేదు, ఇది జాజే కాదు అన్న విమర్శకులు ఉన్నారు. నాకు అది పూర్తిగా అర్థం కాదు. కానీ కద్రి గారు శాక్సఫోన్ పట్టుకున్నప్పుడు కూడా ఇది కర్ణాటక సంగీతానికి పనికిరాదు అనేవాళ్ళు ఉండేవారని మామ చెప్పాడు.

మనవాళ్ళతో

సొంత పాట దొరికాక వాళ్ళు తలుపు వేసుకోలేదు. చెన్నైలో పుట్టిన వయొలిన్ విద్వాంసులు ఎల్. శంకర్ గారు 1980లలో గార్బరెక్, జాకీర్ హుస్సేన్, త్రిలోక్ గుర్తు గార్లతో 'సాంగ్ ఫర్ ఎవ్రీవన్' చేశారు. తర్వాతిదే మా మామ విన్న 'మేకింగ్ మ్యూజిక్'. త్రిలోక్ గుర్తు గారు ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు గార్బరెక్ బృందంతో ఊరూరా తిరిగారు.

1990లో పాకిస్తాన్‌కు చెందిన పటియాలా ఘరానా గాయకులు ఉస్తాద్ ఫతే అలీ ఖాన్ ఓస్లో స్టూడియోలో గార్బరెక్‌తో కలిసి 'రాగాస్ అండ్ సాగాస్' పాడారు. దీని వెనక ఇంకో చరిత్ర ఉంది. 1960ల చివరి నుంచి పాకిస్తాన్ పంజాబు పల్లెల వాళ్ళు కూలిపని కోసం ఓస్లో చేరారు. అంటే ఆ రాగాలు అప్పటికే ఓస్లో వీధుల్లోని ఇళ్ళల్లో ఉన్నాయి. ఆ రికార్డులో సారంగి కూడా ఉంది. కింది తీగలు తమంతట తాము మోగే వాద్యం! ఓస్లోలో ఎవరైనా ముసలాయన అది విని ఉంటే తన ఊరి ఫిడేలు గుర్తొచ్చి ఉంటుందని నేను అనుకుంటాను.

1993లో గార్బరెక్ ఆస్ట్రియా కొండల్లోని ఒక మఠంలో, హిలియర్డ్ ఎన్సెంబుల్ అనే నలుగురు ఇంగ్లండు గాయకులతో కలిశాడు. వాళ్ళు వందల ఏళ్ళ నాటి చర్చి కీర్తనలు పాడుతుంటే ఈయన శాక్సఫోన్ వాయించాడు. 'ఒఫిసియుం' అనే ఆ రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడైంది.

మారి బోయినె ఎందుకు రానంది?

నార్వే కథలో ఒక చేదు భాగం కూడా ఉంది. దేశానికి ఉత్తరాన సామీలు అనే ఆదివాసీలు ఉన్నారు. 19వ శతాబ్దం మధ్య నుంచి సుమారు వంద ఏళ్ళు ప్రభుత్వం వాళ్ళను నార్వేజియన్లుగా మార్చాలని చూసింది. బడిలో సామీ భాషను అణచివేశారు. 'యోయిక్' అనే వాళ్ళ పాటను పాపం అన్నారు. డేనిష్ నీడలోంచి తన భాషను కాపాడుకున్న దేశమే ఇంకొకరి భాషను తొక్కేసింది. ఇది చదివినప్పుడు నాకు బాధ వేసింది.

మారి బోయినె 1956లో అట్లాంటి సామీ కుటుంబంలో పుట్టింది. వాళ్ళ ఇంట్లో యోయిక్ పాడనిచ్చేవారు కాదు. పెద్దయ్యాక ఆమె ఆ పాటను తన అంతట తాను వెనక్కి తెచ్చుకుంది. 1989లో ఆమె 'గులా గులా' వచ్చింది. సామీల పార్లమెంటు మొదలైంది కూడా అదే ఏడాది. 1994లో నార్వేలోని లిల్లెహామర్‌లో శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. ప్రారంభోత్సవంలో పాడమని ఆమెను పిలిస్తే రానంది. అల్పసంఖ్యాకులను చూపించుకోవడానికి మాత్రమే పిలుస్తున్నారని ఆమెకు అనిపించింది.

అదే మారి బోయినె గార్బరెక్ 'ట్వెల్వ్ మూన్స్' రికార్డులో పాడింది. తర్వాత బుగ్గె వెస్సెల్‌టోఫ్ట్ అనే జాజ్ పియానో కళాకారుడితో కలిసి తన రికార్డు చేసింది. ఒక చోట రానన్న మనిషి ఇంకో చోటికి ఎందుకు వెళ్ళింది? స్టూడియోలో ఆమె తోటి కళాకారిణి. అక్కడ ఆమె పాటకు పని ఉంది. స్టేడియంలో అయితే ఆమె బట్టలకే పని. 1997లో నార్వే రాజు హరాల్డ్ సామీలకు జరిగిన అన్యాయానికి క్షమాపణ చెప్పాడు.

మా సంగతి

ఇది చదువుతుంటే నాకు రెండేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. ఒక కార్యక్రమానికి మా ఆరుగురు ఆడపిల్లల్ని లంగా ఓణీలు వేసుకుని రమ్మన్నారు. మేం ఒక తెలుగు పాట నేర్చుకుని వెళ్ళాం. స్టేజీ ఎక్కాక, పాటకు టైం లేదు, ఫోటోకు నిలబడితే చాలన్నారు. ఫోటో బాగానే వచ్చింది. ఇంటికొచ్చి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఎందుకు అంత కోపం వచ్చిందో అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మా అవ్వకు రాగులు విసిరేటప్పుడు పాడే ఇసుర్రాయి పాటలు వచ్చు. పిండి మిషను వచ్చాక ఆమె పాడటం మానేసింది. నేనూ ఎప్పుడూ అడగలేదు. వీధిలో తమిళం, సంతలో కన్నడం, ఫోన్‌లో ఇంగ్లీషు, వీటన్నిటి మధ్య ఇంట్లో ఉన్న పాట నాకు గుర్తే రాలేదు. నార్వే గురించి చదివాకే అడిగాను. "ఇప్పుడెందుకే అవి" అని, చివరికి పాడింది. ఇప్పటికి ఏడు పాటలు రాసుకున్నాను. రెండింటిలో మధ్య చరణాలు ఆమెకే గుర్తులేవు.

పోయిన ఆదివారం మామ శాక్సఫోన్ తెచ్చి అవ్వ పక్కన కూర్చున్నాడు. మొదట చాలా గట్టిగా వాయించాడు. "నా పాట నాకే వినపడలేదు, కొంచెం మెల్లగా ఊదప్పా" అంది అవ్వ. రెండోసారి మామ ఆమె ఊపిరి తీసుకునే చోట మాత్రమే వాయించాడు. ఆ రోజు పాట బాగా కుదిరింది.

మీ ఇళ్ళల్లో కూడా ఇట్లాంటి పాటలు ఉంటాయి. అడిగి, తప్పులున్నా సరే రాసి తీసుకురండి. సార్ ఒక లావు నోటుపుస్తకం మా లైబ్రరీలో పెట్టారు. మొదటి ఏడు పాటలు మా అవ్వవి. మిగతా పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి.