రాట్జింగర్ ఆచార్యపరంపర: ఫ్రైసింగ్, మ్యూనిక్ విద్యాభ్యాసకాలము (1946–1957)

ఒక దైవశాస్త్రవేత్త భావపరిణామమును నిరూపింపబూనినపుడు అతని గ్రంథములను కాలక్రమమున పేర్చి, వాని నడుమ నెచ్చటనైన నొక భేదము గోచరించినంతనే ఆ వత్సరమున లోకమున జరిగిన కల్లోలమేదియో వెదకి తెచ్చి, అదియే ఆ భేదమునకు హేతువని తీర్పుచెప్పి నిశ్చింతులగుట ఆధునిక పరిశోధకులకు పరిపాటి యైనది. పదునారవ బెనెడిక్టు జగద్గురువుల విషయమున, అనగా పీఠమెక్కుటకు పూర్వము యోసెఫ్ రాట్జింగరను పేర జర్మనీ విశ్వవిద్యాలయములలో అధ్యాపకత్వము నెరపిన పండితుని విషయమున, ఈ పరిపాటి మేరమీరినది. 1968లో ట్యూబింగెన్ విద్యార్థులు లేవదీసిన అలజడికి భీతిల్లి, అంతవరకు సంస్కరణప్రియుడై యుండిన యీ యాచార్యుడు రాత్రికి రాత్రి సంప్రదాయపాలకుడుగా మారెనను కథ వార్తాపత్రికలనుండి జీవితచరిత్రలకును, జీవితచరిత్రలనుండి పరిశోధనవ్యాసములకును ప్రాకి, నేడు ప్రమాణాపేక్ష లేని సత్యమువలె చలామణి యగుచున్నది. పండితుని బుద్ధిని నిర్మించునవి వీధిలోని కేకలు కావనియు, యౌవనమున అతడెవరి సన్నిధిని గూర్చుండి పాఠము వినెనో, ఎవరితో గూడి నడచుచు వాదించెనో, ఎవరిని చూచి తానును అట్టివాడు కావలెనని కోరుకొనెనో ఆ వ్యక్తులే దానికి నిర్మాతలనియు ఈ వ్యాసకర్త చిరకాలాభిప్రాయము. 1946 జనవరిలో ఫ్రైసింగ్ గురువిద్యాలయమున ప్రవేశించినది మొదలు 1957 ఫిబ్రవరిలో అధ్యాపకార్హత సంపాదించువరకు గడచిన పదునొకండేండ్లలోనే రాట్జింగర్ సమగ్రముగా రూపొందెననియు, తరువాత చేరినది స్వల్పమనియు ఇందు నిరూపింపబడును.

పూర్వవిమర్శకులలో గణింపదగినవాడు హాన్స్ క్యూంగ్ ఒక్కడే. తక్కినవారు అతడన్న మాటనే మరల మరల చెప్పినవారు. 1966లో రాట్జింగరును ట్యూబింగెనుకు రప్పించుటకు పూనుకొన్నవాడు క్యూంగే. 1969లో ఆ సహచరుడు రేగెన్స్‌బుర్గునకు తరలిపోవుటను దగ్గరనుండి చూచినవాడును అతడే. కావున 1968 నాటి అలజడి రాట్జింగరు మనస్సును కలచి మార్చివేసెనని అతడు చెప్పినపుడు చదువరులు దానిని ప్రత్యక్షసాక్ష్యముగా స్వీకరించిరి. కాని యీ సాక్షి యొక్క యోగ్యతను విచారించినవారు లేరు. వారిరువురును ఒకే విద్యాపీఠమున పనిచేసినది మూడేండ్లు. అంతకు పూర్వపు పరిచయమైనను 1957లో ఇన్స్‌బ్రుక్ పండితసభతో మొదలైనదే. రాట్జింగరు విద్యార్థిదశను క్యూంగ్ ఎరుగడు. పైగా అతని చదువు వేరు. రోమాపురిలోని జర్మను విద్యార్థినిలయమున వసించి, గ్రెగోరియను విశ్వవిద్యాలయమున లాటినులో పాఠములు విని, ఏకరూపమైన శిక్షణలో 1948 నుండి 1955 వరకు గడపినవాడతడు. అచ్చట గురువునకంటె పాఠ్యక్రమము, పాఠ్యక్రమమునకంటె సంస్థ పెద్దవి. అట్టి చదువు చదివినవానికి విధేయతయో తిరుగుబాటో తప్ప వేరొక మార్గము తోపకుండుటలో వింత యేమున్నది? బవేరియాలో మూడవ మార్గమొకటి యుండెను. దానిని చూపినవారు గ్రంథములు గావు, మనుష్యులు.

యుద్ధానంతరము ఫ్రైసింగు కొండపై విద్యాలయము తెరువబడునాటికి భవనములో కొంతభాగమున విదేశీయ యుద్ధఖైదీలకు చికిత్స జరుగుచునే యుండెను. చేరిన విద్యార్థులు సుమారు నూటయిరువదిమంది; వారిలో పందొమ్మిదేండ్ల పిల్లవాడును కలడు, యుద్ధరంగములలో ఏండ్లతరబడి నలిగి నలువదవపడిని సమీపించినవాడును కలడు. వీరందరికిని అధిపతి మిఖాయెల్ హోక్. కథోలిక వారపత్రిక సంపాదకుడైన నేరమునకు 1941లో నిర్బంధింపబడి, డాహౌ శిబిరమున బందీగా నుండి, విడుదలయై వచ్చి గురువిద్యార్థుల పోషణభారము వహించిన మహనీయుడాయన. విద్యార్థులాయనను తండ్రి యనియే పిలిచిరి. అధికారమునకు తలయొగ్గక శ్రీసభకు తలయొగ్గిన మనిషిని ప్రతిదినము ప్రాతఃకాలపు దివ్యపూజలో కన్నులారా చూచిన యువకునికి, శ్రీసభాధికారమును రాజ్యాధికారమును ఒకే తక్కెడలో తూచు వాదములు ఎన్నడును రుచింపకపోవుట సహజము.

హోక్ ఆదర్శమైనచో ఆల్ఫ్రెడ్ లెప్లె సహచరుడైన గురువు. 1915లో పుట్టిన యీ యువగురువు యుద్ధబందీత్వమునుండి అప్పుడే వెలువడి విద్యాలయమున పర్యవేక్షకుడుగా నియుక్తుడై, న్యూమన్ కార్డినలు రచనలలో మనస్సాక్షి స్వరూపమును గూర్చి సిద్ధాంతగ్రంథము వ్రాయుచుండెను. అతడు రాట్జింగరున కప్పగించిన తొలిపని తోమా అక్వినాసు ప్రేమనుగూర్చి రచించిన వాదగ్రంథమును లాటినునుండి జర్మనులోనికి పరివర్తించుట. ఒక నూతనవిద్యార్థి చేతికి అక్వినాసు మూలమునే ఇచ్చి నీవే చదువుకొమ్మనుట ఆ కాలపు గురువిద్యాలయములలో సామాన్యమైన పని కాదు. అందరును సంగ్రహగ్రంథములతో తృప్తిపడెడి దినములవి. 1949లో ఆన్రి ద ల్యూబాక్ రచించిన 'కథోలికత్వము' అను గ్రంథపు జర్మను ప్రతిని చేతికిచ్చినవాడును లెప్లెయే. విశ్వాసము ఏకాంతవ్యక్తి సొత్తు కాదు, సమష్టి ధనమని బోధించు ఆ పుస్తకము రాట్జింగరు సంఘసిద్ధాంతమునకు బీజమైనదని అందరు నంగీకరింతురు. కాని బీజమును వెదజల్లిన చేతిని తలచువారు తక్కువ. నడకలలో, భోజనశాలలో, దీపమార్పు వేళల నడచిన న్యూమన్ ప్రసంగముల ఫలము కనవలెనన్న 1990లో న్యూమన్ శతవర్ధంతి సందర్భమున రోమాపురిలో రాట్జింగరు చేసిన యుపన్యాసమును చూడవలెను. తన మనస్సాక్షి హిట్లరే యని పలికిన గోరింగు మాటను స్మరించి, మనస్సాక్షినే పరాధీనము చేసిన పాలన యెట్టి వినాశమును తెచ్చెనో చూచిన తమ తరమునకు న్యూమన్ బోధ యెంత విమోచకమయ్యెనో ఆయన అందు చెప్పి, ఆ పరిచయము చేసిన పర్యవేక్షకుని పేరు కృతజ్ఞతతో నుదాహరించెను. నలువది నాలుగేండ్ల పిమ్మట, కార్డినలు పదవిలో నుండి, ఒక విద్యాలయపు చిన్న ఉద్యోగిని తలచుకొనుట మర్యాదకొరకు కాదు.

తత్త్వశాస్త్రము బోధించిన ఆర్నోల్డ్ విల్మ్‌సెన్ సైతము, ప్రతికూలముగా నైనను, గురువే. శ్రమజీవుల కుటుంబమున పుట్టి స్వయంకృషితో పైకివచ్చిన యీ సజ్జనుడు నవ్యస్కొలాస్టిక పద్ధతిని అచంచలవిశ్వాసముతో బోధించెను. కాని సమాధానములన్నియు ముందే సిద్ధముగా నున్నవానికి ప్రశ్న యెక్కడిది? ప్రశ్న లేని పాఠము శిష్యుని మనస్సున నంటలేదు.

1947 శరత్కాలమున రాట్జింగరు మ్యూనిక్ విశ్వవిద్యాలయపు దైవశాస్త్రవిభాగమున చేరెను. 1939లో నాజీ ప్రభుత్వము మూసివేసిన ఆ విభాగమునకు నగరమధ్యమున నిలువ నీడలేదు. బాంబులకు కూలినవి కూలగా, నగరమునకు దక్షిణమున ఫ్యుర్‌స్టెన్‌రీడ్ అను పూర్వపు రాజుల వేటసౌధమున, మతిభ్రమించిన ఓట్టో రాజు చాలకాలము నివసించిన చోట, దానికి వసతి దొరికెను. పాఠములు జరిగినది తోటలోని గాజుగోడల మొక్కలశాలలో. వేసవిలో ఉడుకు, హేమంతమున చలి. ఆచార్యులును చెదరిన గూళ్లనుండి వచ్చినవారే: బ్రెస్లావునుండి మైయర్, బ్రౌన్స్‌బర్గునుండి జోన్‌గెన్. ఈ శరణార్థిత్వము వారి బోధనకు మేలే చేసెనని నా యభిప్రాయము. సర్వమును పోగొట్టుకొని వచ్చినవాడు తనకు నిజముగా తెలిసినదానినే చెప్పును.

ఫ్రీడ్రిఖ్ విల్‌హెల్మ్ మైయర్ నూతననిబంధన బోధకుడు. మార్కు సువార్తయు, ప్రభువుమాటల సంపుటమొకటియు మత్తయి లూకాలకు ఆధారములను సిద్ధాంతము నంగీకరించినందులకు 1912లో రోమా నిర్ణయము ఆయన వ్యాఖ్యానమును త్రోసిపుచ్చెను, ఆచార్యపీఠము పోయెను. ఆయన మొదటి ప్రపంచయుద్ధకాలమున సైనికుల గురువుగాను, తరువాత చెరసాలలోని గురువుగాను పనిచేసి, 1924లోగాని బ్రెస్లావున మరల పీఠము పొందలేదు. ఇంతలో ఏ సిద్ధాంతమునకు శిక్ష పొందెనో అది కథోలిక పండితులకును సమ్మతమయ్యెను. రోమాపురిపై ఆ వృద్ధునకుండిన కినుక తీరలేదు. ఐనను విశ్వాసమున లేశమైన లోటు లేదు, ఉపన్యాసమున్నదన్న మొక్కలశాల కిటకిటలాడెడిది. 2003లో వేదగ్రంథ పరిశీలక సంఘపు శతవార్షికమున, ఆ సంఘాధ్యక్షుడును విశ్వాససిద్ధాంత పరిరక్షణశాఖాధిపతియు నైన రాట్జింగరు తన ప్రసంగమును మైయర్ కథతోనే ఆరంభించెను. గురువునకు జరిగిన అన్యాయమును అదే రోమాపురిలో అధికారపీఠముపైనుండి శిష్యుడు స్వయముగా లోకమునకు చెప్పుట! సంప్రదాయపాలకుడను ముద్రవేసినవారు ఈ ప్రసంగమును చదివినట్లు కానరాదు.

మ్యూనిక్ ఆచార్యులలోనే యొకడైన యోసెఫ్ పాషర్ వలన రాట్జింగరునకు ఆరాధనక్రమముపై అభిరుచి కలిగెను. అంతవరకు ఆరాధనోద్యమముపై నుండిన శంకలు తొలగెను.

ఇక గొట్లీబ్ జోన్‌గెన్. ఈ వ్యాసమునకు నాయకుడితడే. 1892లో కోలోనులో, తల్లిదండ్రులలో నొకరు కథోలికులు మరియొకరు ప్రోటెస్టంటులు కాగా పుట్టినవాడు; ఉభయసంఘముల సంవాదము ఆయనకు శాస్త్రవిషయమునకంటె ముందు గృహవిషయము. 1934లో సాదృశ్యసిద్ధాంతమును గూర్చి వ్రాసిన వ్యాసములు కార్ల్ బార్త్ వంటి ప్రతిపక్షిచేత సైతము గౌరవింపబడినవి. 1950 వేసవిలో ఈయన ప్రకటించిన బహుమానవ్యాసవిషయము అగస్తీనుని సంఘసిద్ధాంతమున దేవుని ప్రజ, దేవుని గృహము. వ్యవధి తొమ్మిది నెలలు. గెలిచినవ్యాసము సిద్ధాంతగ్రంథముగా నంగీకరింపబడును. రాట్జింగరు ఒకవంక గురుపట్టమునకు సిద్ధపడుచు, పనిభారమును అన్న జార్జి పంచుకొనగా, అక్క మరియ శుద్ధప్రతిని టైపుచేసి ఇయ్యగా, గడువులోపల వ్యాసము సమర్పించెను. 1951 జూను 29న ఫ్రైసింగు దేవాలయమున ఫౌల్‌హాబర్ కార్డినలు హస్తములమీదుగా గురుపట్టము, 1953లో ఆచార్యపట్టము.

అయితే జోన్‌గెన్ నేర్పిన పరమపాఠము వేరొకటి. కన్యమరియ మోక్షారోపణమును విశ్వాససత్యముగా ప్రకటించుటను గూర్చి రోమాపురి దైవశాస్త్రవిభాగములను విచారించినపుడు మ్యూనిక్ పండితుల ప్రత్యుత్తరము ప్రతికూలము. చరిత్రసాక్ష్యము చాలదనువారిలో జోన్‌గెన్ తీవ్రుడు. ఆ దినములలో జరిగిన కథోలిక ప్రోటెస్టంటు పండితగోష్ఠిలో హైడెల్‌బెర్గ్ ఆచార్యుడు ఎడ్మండ్ ష్లింక్, ఈ సిద్ధాంతము ప్రకటితమైనచో మీరేమిచేయుదురని నిలదీసెను. శ్రీసభ తనకంటె జ్ఞానవతియని తలచుకొందుననియు, తన పాండిత్యముకంటె ఆమెను అధికముగా నమ్ముదుననియు జోన్‌గెన్ ప్రత్యుత్తరము. 1950 నవంబరు 1న పన్నెండవ పయస్ జగద్గురువులు ఆ సత్యమును ప్రకటించిరి; జోన్‌గెన్ ఆడినమాట తప్పలేదు. ప్రకటనకు ముందు నిర్భయముగా కాదనుట, ప్రకటన పిమ్మట నిష్కపటముగా అవుననుట, ఈ రెండును ఒకే హృదయమునుండి వెలువడుటను యిరువదిమూడేండ్ల శిష్యుడు చూచెను. క్యూంగ్ గ్రహింపజాలని మూడవ మార్గమిదియే.

ఈ పాఠమునకు పరీక్ష వెంటనే వచ్చెను. జోన్‌గెన్ ప్రేరణచే రాట్జింగరు బొనవెంతూరు ప్రకటనసిద్ధాంతముపై వ్రాసి 1955లో సమర్పించిన అధ్యాపకార్హతాగ్రంథమును రెండవ పరీక్షకుడు మిఖాయెల్ ష్మావుస్ త్రోసిపుచ్చ నిశ్చయించి, 1956 ఈస్టరు దినములలో కోనిగ్‌స్టైన్ సభయందు ఆ వార్త రాట్జింగరునకే చెప్పెను. దైవప్రకటన వేదగ్రంథమునకంటె విస్తృతమనియు, దానిని స్వీకరించు విశ్వాసి లేనిదే అది ప్రకటన కాదనియు బొనవెంతూరు మతమని నిరూపించు భాగములలో నవీనవాదపు వాసన తగిలినదట. తల్లిదండ్రులను అప్పుడే ఫ్రైసింగునకు తెచ్చుకొన్న యువకునకు అది అశనిపాతము. ఐనను అంతగా విమర్శకు గురికాని చివరిభాగమును, బొనవెంతూరు చరిత్రదర్శనమును, వేరుచేసి విస్తరించి అక్టోబరులో మరల సమర్పించెను. 1957 ఫిబ్రవరి 21న బహిరంగోపన్యాసము. సభలో అభ్యర్థిని మరచి జోన్‌గెను, ష్మావుసును పరస్పరము వాదించుకొనసాగిరి. గురువు శిష్యునకై పోరాడుట అందరును చూచిరి. అర్హత లభించెను.

ఇంతటితో మన పరిశీలనము ముగిసినను దాని పర్యవసానములు దూరగతములు. 1965లో రెండవ వాటికను మహాసభ ప్రకటించిన దైవప్రకటన విధానపత్రములోని జీవము బొనవెంతూరు పాఠమే. ఫ్రింగ్స్ కార్డినలు వెంట పండితసలహాదారుగా వెళ్లిన రాట్జింగరు ఆ పాఠమును మహాసభకు కొనిపోయెను. దైవశాస్త్రవేత్తల కర్తవ్యమును గూర్చి 1990లో విశ్వాససిద్ధాంత పరిరక్షణశాఖ వెలువరించిన బోధపత్రము ష్లింకునకు జోన్‌గెన్ ఇచ్చిన జవాబునకు శాసనరూపము. 2013 ఫిబ్రవరిలో జగద్గురుపీఠమును త్యజించిన నిర్ణయమున మనస్సాక్షిని గూర్చి లెప్లె చెప్పిన న్యూమన్ పాఠమే పలికినది. ఇరువదవ శతాబ్ది కథోలిక దైవశాస్త్రము మహాసభలలోకంటె మొక్కలశాలలలో నిర్మితమైనదని సాహసించి చెప్పవచ్చును.

ఇచ్చట వాడిన సాక్ష్యములో అధికభాగము రాట్జింగరు వార్ధక్యమున వ్రాసికొన్న స్మృతులనుండియే గ్రహింపబడినది గనుక జ్ఞాపకము గతమును మెరుగుపెట్టి యుండవచ్చుననువారు కలరు. విడాకులు పొంది పునర్వివాహితులైనవారిని గూర్చి 1972లో వ్రాసిన వ్యాసపు ముగింపును 2014లో ఆయనయే మార్చెననుట కూడ నిజమే. ఇవి ప్రధానసిద్ధాంతమును చలింపజేయవు. ష్మావుస్ త్రోసిపుచ్చిన భాగములతో సహా బొనవెంతూరు గ్రంథము పూర్తిరూపమున రాట్జింగర్ సమగ్రరచనల రెండవ సంపుటముగా 2009లో అచ్చుపడినది. దానిని చదువక ఆయన భావపరిణామమును నిర్ణయింపబూనువారి తీర్పులు ఇకమీదట పరిగణనార్హములు కావు.