తెడ్డు చక్రముల పొగ ఓడ – గోదావరి లోతు

సిద్దిపేట జిల్లా తొగుట మండలములో వేములఘాట్ అను గ్రామము ఉండెడిది. నేడు ఆ చోట మల్లన్నసాగర్ జలాశయపు నీరు నిలిచి ఉన్నది. 50 టి.ఎం.సి.లు, అనగా 50 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టునట్లు నిర్మించిన ఆ జలాశయము 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైనది. గ్రామస్థులు 2016 నుండి వందల దినములు రిలే నిరాహార దీక్షలు సలిపి, తుదకు ఇండ్లు వాకిండ్లు విడిచి గజ్వేలు సమీపమున కట్టిన కాలనీకి తరలినారు. సముద్ర మట్టమునకు ఐదు వందల మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న ఈ పీఠభూమికి గోదావరి తనంతట తాను రాదు. ఆ నీటిని పంపులతో మెట్టు మెట్టుగా ఎత్తి తేవలసి వచ్చినది.

నది ఒక చోట, మనిషి అవసరము మరొక చోట ఉండుట కొత్త సంగతి కాదు. 19వ శతాబ్దములో ఇదే గోదావరిని గూర్చి ఇంజనీర్లు మరియొక పెద్ద ఆశ పెట్టుకొన్నారు. సముద్ర తీరము నుండి మధ్య భారతము వరకు ఈ నదిపై పొగ ఓడలను నడిపి సరుకు రవాణా చేయవలెనని వారి సంకల్పము. ఆ సంకల్పము ఎందుకు నెరవేరలేదో పుస్తకము చదివి తెలిసికొనవచ్చును. కాని ఆ కాలపు పొగ ఓడ నమూనాను పాఠశాలలో స్వయముగా తయారు చేసి నీటిపై వదలినచో, ఆ కారణము కంటికే కనిపించును.

తెడ్డు చక్రము కథ

పడవను నడుపుటకు మనిషి మొదట తెడ్డు పట్టినాడు. తెడ్డు నీటిని వెనుకకు నెట్టును. నీరు పడవను ముందుకు నెట్టును. న్యూటన్ మూడవ సూత్రమునకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము లేదు. అనేక తెడ్లను ఒక చక్రపు అంచున బిగించి తిప్పినచో అది తెడ్డు చక్రము. ఆవిరి యంత్రము వచ్చిన తరువాత ఈ చక్రమును తిప్పుటకు మనుషుల కండబలము అవసరము లేకపోయినది.

1803లో స్కాట్లండులో విలియం సైమింగ్టన్ నిర్మించిన 'షార్లెట్ డండస్' అను పడవ ఒక కాలువలో రెండు బరువు పడవలను లాగి చూపినది. అలల వలన కాలువ గట్లు కోసికొనిపోవునను భయముతో దానిని వాడుకలోనికి రానీయలేదు. 1807లో అమెరికాలో రాబర్టు ఫుల్టన్ పడవ హడ్సన్ నదిపై న్యూయార్కు నుండి ఆల్బనీ వరకు, సుమారు 150 మైళ్లు, 32 గంటలలో చేరినది. 1812లో హెన్రీ బెల్ 'కామెట్' క్లైడ్ నదిపై ప్రయాణికులను మోసినది. మన దేశములో 1823లో కలకత్తాలో 'డయానా' నీటిలోనికి దిగినది. 1834 నాటికి ఇంగ్లండులో భాగములుగా చేసి ఓడలపై తెచ్చిన ఇనుప స్టీమరు 'లార్డ్ విలియం బెంటింక్' గంగానదిపై నడచుటకు సిద్ధమైనది.

విక్టోరియా రాణి పాలించిన 1837–1901 మధ్య కాలములో సముద్రముపై తెడ్డు చక్రము క్రమముగా ఓడిపోయినది. సరుకు నిండినప్పుడు చక్రము ఎక్కువగా మునుగును. బొగ్గు ఖర్చయిన కొలది ఓడ తేలికపడి చక్రము నీటి పైకి లేచును. ఓడ ఒక ప్రక్కకు ఒరిగినచో ఒక చక్రము గాలిలో తిరుగును. 1845లో బ్రిటిషు నౌకాదళము మరచక్రపు ఓడ 'రాట్లర్'ను, తెడ్డు చక్రపు ఓడ 'అలెక్టో'ను తోకకు తోక కట్టి లాగించినప్పుడు రాట్లరే గెలిచినది. కాని నదిపై లెక్క వేరు. మరచక్రము పూర్తిగా మునిగి ఉండవలెను. దానికి లోతు కావలెను. తెడ్డు చక్రపు క్రింది అంచు కొద్దిగా మునిగిన చాలును. అందుచేత లోతు తక్కువైన నదులలో అది చాల కాలము నిలిచినది.

గోదావరిపై ఆశ

ధవళేశ్వరము ఆనకట్టను 1847–1852 మధ్య నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్, భారతదేశమునకు రైలు కంటె జలమార్గమే చౌక అని గట్టిగా వాదించినవాడు. డెల్టా కాలువలు పంటకు నీరు ఇచ్చుటతోబాటు పడవల బాటలు కూడ అయినవి. అంతటితో ఆగక గోదావరి, ప్రాణహిత, వార్ధా నదుల వెంట బీరారు ప్రత్తి పొలముల వరకు పడవలు పోవలెనని ఆలోచన. 1861–1865 నడుమ అమెరికా అంతర్యుద్ధము వలన లాంకషైరు మిల్లులకు ప్రత్తి కరవైనప్పుడు ఈ ఆలోచనకు బలము పెరిగినది. 1860లో నిజాముతో జరిగిన ఒడంబడికలో గోదావరిపై సుంకము లేని రాకపోకలకు ఏర్పాటు జరిగినది. నది ఎడమ గట్టు ప్రాంతములు కొన్ని బ్రిటిషు వారి వశమైనవి.

దారిలో మూడు పెద్ద రాతి అడ్డంకులు ఉండెను. మొదటిది దుమ్ముగూడెము వద్ద, రెండవది ఇంచంపల్లి వద్ద, మూడవది ప్రాణహితపై దేవలమర్రి వద్ద. ఒక్కొక్క చోట ఆనకట్ట కట్టి, ప్రక్కన కాలువ త్రవ్వి, లాకులు పెట్టి పడవను పైకి ఎక్కించవలెను. కెప్టెన్ హేగ్ ఈ పనులను నడిపించినాడు. దుమ్ముగూడెము ఆనకట్ట నేటికిని ఆ ప్రయత్నమునకు గుర్తుగా నిలిచి ఉన్నది. ఈ మూడు అడ్డంకులు పటములో చూపగలిగినవి. పటములో తేలికగా కనిపించని నాల్గవ అడ్డంకి నది లోతు. దానిని తెలిసికొనుటకే నమూనా కావలెను.

నమూనా తయారు చేయు విధము

బజారులో దొరకు భాగముల పెట్టెను కొనకుండ, ముడి సామాను నుండి ప్రతి భాగమును స్వయముగా చేసికొనుట ఇందలి మేలు. ప్రతి భాగమునకును కొలత వేసినవాడే దాని పనిని గ్రహించును.

ఉదాహరణకు 120 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 2 అడుగుల మునక గల నదీ స్టీమరును ఊహించి, 48వ వంతు కొలతకు, అనగా అడుగునకు పావు అంగుళము చొప్పున తగ్గించవచ్చును. నమూనా పొడవు 30 అంగుళములు, వెడల్పు 5 అంగుళములు, మునక అర అంగుళము అగును.

ముందుగా కాగితముపై మూడు పటములు గీయవలెను: పై నుండి, ప్రక్క నుండి, అడ్డముగా కోసినట్లు. తరువాత పలుచని పలకలను పడవ ఆకారములో కత్తిరించి, నడుమ భాగము తొలిచి, ఒకదానిపై ఒకటి అతికించి, అంచులను ఆకురాయితోను గరుకు కాగితముతోను నునుపు చేయవలెను. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడు పొణికి చెక్క తేలికగాను మెత్తగాను ఉండి ఈ పనికి అనుకూలించును. అయితే బొమ్మల వారు అతుకులకు వాడు చింతగింజల మక్కు నీటికి ఆగదు; నీటికి చెడని జిగురు వాడి, లోపల వెలుపల రంగు పూయవలెను.

చక్రములకు పలుచని డబ్బా రేకు చాలును. ఇరుసునకు సైకిలు చక్రపు పుల్ల పనికివచ్చును. ఎనిమిది లేక పది రేకులను సమాన దూరములో రెండు కట్ల నడుమ అతికించవలెను. ఇక్కడనే ఒక చిక్కు తెలియును. చక్రమునకు కదలకుండ బిగించిన రేకు నీటిలోనికి దిగునప్పుడు నీటిని క్రిందికి కొట్టును. బయటికి వచ్చునప్పుడు నీటిని పైకి ఎత్తును. క్రింది స్థానమున ఉన్న క్షణముననే అది నీటిని తిన్నగా వెనుకకు నెట్టును. ఈ నష్టమును తగ్గించుటకు 1829లో గాలవే అనునతడు రేకులు నీటిలో దాదాపు నిలువుగా దిగి నిలువుగా లేచునట్లు వాటిని తిప్పు ఏర్పాటునకు పేటెంటు పొందినాడు. మోర్గన్ దానిని వాడుకలోనికి తెచ్చినాడు. ఓపిక గల విద్యార్థి రెండు రకముల చక్రములను చేసి పోల్చి చూడవచ్చును.

పాఠశాలలో ఆవిరి బాయిలరుతో ఆడుట ప్రమాదము. చిన్న విద్యుత్ మోటారు గాని, మెలిపెట్టిన రబ్బరు పట్టీ గాని చాలును. పొగగొట్టము, బాయిలరు ఆకారమునకు మాత్రము పెట్టవచ్చును. కాని వాటి బరువును మరువరాదు. కథ అంతయు ఆ బరువులోనే ఉన్నది.

బరువు లెక్క

ఓడ తాను తొలగించిన నీటి బరువుతో సమానమైన బరువునే మోయగలదని ఆర్కిమెడీస్ సూత్రము. పైని చెప్పిన స్టీమరు పెట్టె వలె ఉన్నచో 120 × 20 × 2, అనగా 4,800 ఘనపుటడుగుల నీటిని తొలగించును. చివరలు సన్నగిల్లినందున అందులో మూడు వంతులు లెక్కించినచో 3,600 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు నీరు 62.4 పౌనులు గనుక మొత్తము బరువు రమారమి 100 టన్నులు. పొట్టు, బాయిలరు, ఇంజను, కట్టెలు, నీరు, మనుషులు, సరుకు, అన్నియు ఆ 100 టన్నులలోనే ఇమడవలెను.

నమూనాలో పొడవు 48వ వంతు అయినను బరువు 48 × 48 × 48వ వంతు, అనగా 1,10,592వ వంతు అగును. నమూనా మొత్తము బరువు సుమారు 920 గ్రాములు దాటరాదు. చాలమంది మొదటిసారి చేసిన నమూనాలు ఇక్కడనే తప్పును. పడవ అందముగా ఉండును. నీటిలో పెట్టగానే చక్రములు సగము మునిగిపోవును.

అసలు స్టీమరునకు కలిగిన కష్టమును అదే. మునకను ఒక అంగుళము పెంచుట వలన మోయగల బరువు సుమారు 5 టన్నులు పెరుగును. నది ఒక అడుగు తగ్గినచో 12 అంగుళముల మునక పోవును. 60 టన్నులు దించివేయవలెను. అప్పుడు మిగులునది పడవ, యంత్రము మాత్రమే. సరుకునకు చోటు ఉండదు. గోదావరి వర్షాకాలములో ఉప్పొంగి, వేసవిలో ఇసుక దిబ్బల నడుమ సన్నని పాయలుగా మారు నది.

వరదలో లోతునకు కొదువ లేదు. కాని ప్రవాహము ఎదురగును. నిలకడ నీటిలో గంటకు 8 మైళ్లు పోవు పడవ, 5 మైళ్ల ప్రవాహమునకు ఎదురీదునప్పుడు గట్టు ప్రక్కన 3 మైళ్లే కదలును. కట్టెల ఖర్చు గంటల లెక్కన జరుగును గాని మైళ్ల లెక్కన కాదు. వేగము కావలెనన్న పెద్ద బాయిలరు పెట్టవలెను; పెద్ద బాయిలరు పెట్టినచో మునక పెరుగును; మునక పెరిగినచో నీరు తగ్గిన దినములలో పడవ ఇసుకపై కూర్చుండును. ఒక ముడి విప్పబోయిన మరొక ముడి బిగియును.

నమూనా నుండి శాస్త్రము

చిన్న నమూనాను చూచి పెద్ద ఓడ నడకను ముందుగా చెప్పవచ్చునా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పినవాడు విలియం ఫ్రూడ్. ఇతడు 1867లో డార్ట్ నదిపై వేర్వేరు పరిమాణముల నమూనాలను నడిపి పరీక్షించినాడు. తరువాత ప్రభుత్వ సహాయముతో టోర్కీలో పరీక్షా తొట్టిని కట్టించి 1872లో పని ఆరంభించినాడు. వేగమును పొడవు యొక్క వర్గమూలమును బట్టి తగ్గించినచో, నమూనా లేపు అలలు అసలు ఓడ అలలను పోలి ఉండునని ఇతడు నిరూపించినాడు.

48 వర్గమూలము 6.93. గంటకు 8 మైళ్లు పోవు స్టీమరునకు సరిపోవు నమూనా వేగము సెకనుకు అర మీటరు మాత్రమే. చక్రము మాత్రము అసలు దానికంటె వేగముగా తిరగవలెను: స్టీమరు చక్రము నిమిషమునకు 30 చుట్లు తిరుగునచో నమూనా చక్రము 208 చుట్లు తిరగవలెను. విద్యార్థులు గడియారము పట్టుకొని దీనిని సరిచూడవచ్చును. నీటి ఒరిపిడి మాత్రము ఈ సూత్రమునకు లొంగదు. దానిని ఫ్రూడ్ వేరుగా లెక్కించినాడు.

1871 నాటి ముగింపు

గోదావరి జలమార్గ పథకమును 1871లో ప్రభుత్వము విడిచిపెట్టినది. ఖర్చు పెరిగినది, మూడు అడ్డంకుల వద్ద పని తీరలేదు. ఆ పని పూర్తికానంత వరకు సరుకును పడవ నుండి దించి, రాళ్లు దాటించి, మరల ఎక్కించవలసినదే. ఈలోగా 1867లో రైలు నాగపూరు చేరినది. బీరారు ప్రత్తికి బొంబాయి దారి తెరచుకొన్నది. రైలునకు వేసవి, వానకాలము అను భేదము లేదు. కాటన్ ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. ఆయన స్టీమరు కల ఎగువ గోదావరి రాళ్ల నడుమ ఆగినది. ఓడల నమూనా పరీక్షకు తొట్టి సిద్ధమైన నాటికి ఈ పథకము మూతపడి ఉండుట చరిత్రలోని విచిత్రము.

ఫ్రూడ్ సూత్రము ఓడలతో ఆగలేదు. ఆనకట్టపై నుండి దూకు నీరు, కాలువలోని ప్రవాహము కూడ దానికి లోబడును. 1916లో ఆరంభమై నేడు పుణె సమీపమున ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర పరిశోధనాలయము వంటి చోట్ల జలాశయముల నమూనాలను ఈ సూత్రము మీదనే పరీక్షింతురు. పడవ నమూనాతో ఆడుకొను విద్యార్థి ఆ విధముగా ఆనకట్టల ఇంజనీరుకు సహాధ్యాయి అగును.

నమూనా చెప్పలేనివి కూడ ఉన్నవి. నీరు ఎంత ఎత్తు లేచునో అది చెప్పును. ఆ నీటి క్రింద ఎవరి ఇల్లు ఉన్నదో చెప్పదు. వేములఘాట్ వీధులు, బావులు, చెట్లు ఏ తొట్టిలోను తేలవు. వాటి కొలతలు తెలిసినవారు ఇంకను కాలనీలో ఉన్నారు. చరిత్ర మాస్టరు, సైన్సు మాస్టరు కలిసి ఆ పిల్లల చేత ఒక స్టీమరు నమూనాను, దాని ప్రక్కన పెద్దలను అడిగి తెలిసికొన్న కొలతలతో తమ ఊరి నమూనాను చేయించినచో, ఒకే నది కథలోని రెండు భాగములను ఒకే బల్లపై చూడవచ్చును. రెండింటికిని కావలసినది ఒకటే: పని మొదలు పెట్టుటకు ముందే సరిగా కొలుచుట.