ఎక్కడున్నావ్ అని అడిగే హక్కు ఎవరిది? ఖరక్ సింగ్ కేసు నుంచి పిల్లల లైవ్ లొకేషన్ దాకా

పిల్లల భద్రత, గోప్యత అనే అంశం ఎస్సే పేపర్లో వస్తే మనలో చాలామంది 2017 పుట్టస్వామి తీర్పుతో మొదలుపెట్టి 2023 డేటా చట్టంతో ముగిస్తాం. పేపర్లు దిద్దేవాళ్లు అలాంటివి ఎన్ని చూస్తారో ఊహించుకోండి. మీరు ఇంకో 55 ఏళ్లు వెనక్కి వెళ్లండి. అంతకంటే ముందు ఒకసారి మా ఖరగ్‌పూర్ రండి.

ఈ ఊరిని పెంచింది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1902లో వాల్తేరు వైపు వెళ్లే కటక్ లైను ఆ కంపెనీ చేతికొచ్చింది. ఆ దారినే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్లు వర్క్‌షాపు పనికి వచ్చి స్థిరపడ్డారు. నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపు నడిస్తే ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. మా తాతగారూ అలా వచ్చినవారే.

ఆ క్వార్టర్లలో పిల్లలు ఎక్కడున్నారో తల్లికి తెలియకపోవడం అంటూ ఉండేది కాదు. గోల్‌బజార్లో మీరు బజ్జీ తింటే, మీకంటే ముందే కబురు ఇల్లు చేరేది. "ఈ వేళప్పుడు నీకిక్కడేం పనిరా?" అని అడిగే అత్త ప్రతి వీధి మొగలోనూ ఉండేది. అదంతా బంగారు కాలమని నేననను. ఆ చూపు ఆడపిల్లల మీద రెట్టింపు పడేది, ఒక్కోసారి చదువే ఆగిపోయేది. కానీ ఒకటి గమనించండి. చూసే అత్త ఎవరో మీకు తెలుసు, ఆమె ఎక్కడుందో మీకూ కనిపిస్తుంది. ఆ కబురు ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు, నాలుగు రోజులకు అందరూ మరిచిపోతారు.

రిజిస్టర్లో ఎక్కితే ఏమవుతుందో చెప్పేదే ఖరక్ సింగ్ కేసు. 1941లో ఒక దోపిడీ కేసులో పోలీసులు ఆయన్ని పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా ఆయన పేరిట హిస్టరీ షీట్ తెరిచారు. ఊరు దాటాలంటే ఎక్కడికి వెళ్తున్నాడో, ఎప్పుడొస్తాడో చౌకీదారుకో స్టేషనుకో చెప్పాలి. ఆ సమాచారం వెళ్లబోయే ఊరి స్టేషనుకు అందేది, అక్కడివాళ్లు నిఘా మొదలుపెట్టేవారు. రాత్రిళ్లు తలుపు కొట్టి ఇంట్లో ఉన్నాడో లేడో చూసేవారు. ఫోన్ లేని రోజుల్లో మనుషులతో నడిపించిన లైవ్ లొకేషన్ అది!

1962 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. రాత్రి సోదాలు చెల్లవంది. కదలికలను గమనించడం మాత్రం తప్పు కాదంది, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదంది. దీంతో విభేదించినవారు మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు, జస్టిస్ జె.సి. షా ఆయనతో కలిశారు. సుబ్బారావు గారి తర్కం మీ నోట్సులో సొంత మాటల్లో రాసుకోండి. వెనకాల ఎప్పుడూ ఒకరు నడుస్తుంటే మనిషి కాళ్లు కదులుతాయి గానీ ఆ కదలిక మరబొమ్మ కదలిక అవుతుంది. స్వేచ్ఛగా తిరగడం అంటే దేహం ఒకచోటి నుంచి మరోచోటికి పోవడం మాత్రమే కాదు. అలాంటి నిఘా కింద దేశమంతా ఒక జైలే. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమని ఆయన తేల్చారు. తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఆ వైపుకే వచ్చారు.

విచిత్రమేమిటంటే, అదే ఏడాది జూన్‌లో స్నాప్‌చాట్ మ్యాపులో పిల్లల బొమ్మలు వీధులతో సహా కనిపించడం మొదలైంది. అక్టోబరులో వాట్సాప్ లైవ్ లొకేషన్ వచ్చింది. కోర్టు హక్కును గుర్తించిన ఏడాదే మనం దాన్ని ఒక బటన్‌తో ఇచ్చేయడం నేర్చుకున్నాం.

ఇక మా ఇంటి సంగతి. మా బాబాయి కూతురు పదో తరగతిలో ఉండగా ఒక యాప్‌లో తన లొకేషన్ స్నేహితులందరికీ తెరిచి ఉంచింది. ఆ "స్నేహితుల్లో" ముఖం కూడా తెలియనివాడు ఒకడు వరసగా మూడు రోజులు ట్యూషన్ గేటు దగ్గర నిలబడ్డాడు. భయపడిన బాబాయి ఆమెకు చెప్పకుండా ఫోన్లో ట్రాకింగ్ యాప్ పెట్టాడు. రెండు నెలలకు చెల్లికి అది తెలిసింది. ఆ తర్వాత బయటికెళ్లాలంటే ఫోన్ స్నేహితురాలి ఇంట్లో వదిలి వెళ్లేది. ఒక సాయంత్రం భారీ వాన. మ్యాపులో చుక్క ఇందాలో స్నేహితురాలి ఇంటి మీద నిలకడగా ఉంది. పిల్ల మాత్రం స్టేషన్ అవతల, చేతిలో ఫోన్ లేకుండా ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు తడిసి ఇల్లు చేరేదాకా ఇంట్లో ఎవరికీ అనుమానమైనా రాలేదు.

తండ్రి భయం అబద్ధం కాదు. కానీ దొంగచాటు నిఘా ఆయనకిచ్చింది భద్రత కాదు, ఒక చుక్క. మరబొమ్మ కదలిక అని సుబ్బారావు గారు అన్నది నాకు ఆ రాత్రి అర్థమైంది.

చట్టం ఇక్కడ ఎంతవరకు వస్తుందో చూడండి. డేటా చట్టం సెక్షన్ 9 ప్రకారం 18 ఏళ్ల లోపు వారి సమాచారం వాడాలంటే కంపెనీ తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. పిల్లలను ట్రాక్ చేయకూడదు, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. 2025 నవంబరు నియమాలు బడి రవాణాకు, భద్రత కోసం లొకేషన్ తెలుసుకోవడానికి మినహాయింపులిచ్చాయి. ఇదంతా కంపెనీకి, కుటుంబానికి మధ్య లెక్క. ఇంటి అవసరానికి వ్యక్తి చేసే పనికి సెక్షన్ 3 ప్రకారం ఈ చట్టం వర్తించదు. అంటే మా బాబాయికీ చెల్లికీ మధ్య అది మౌనం. ఆరేళ్ల పిల్లకూ పదిహేడేళ్ల పిల్లకూ తేడా కూడా చూపదు. నా దృష్టిలో ఇది లోపమే. బ్రిటన్ 2020లో తెచ్చిన పిల్లల డిజైన్ కోడ్ ఈ విషయంలో ఒక అడుగు ముందుంది: లొకేషన్ మొదట్లోనే ఆపి ఉండాలి, తల్లిదండ్రులు గమనిస్తుంటే ఆ సంగతి పిల్లలకు తెరమీద స్పష్టంగా కనిపించాలి. మెయిన్స్ జవాబులో "ముందుకు దారి" అని రాసేచోట ఇది పెట్టుకోవచ్చు.

వాన రాత్రి తర్వాత మా ఇంట్లో వారం రోజులు గొడవ. చివరికి పిన్ని తేల్చింది. యాప్ తీసేశారు. ట్యూషన్ నుంచి ఇంటికొచ్చే ఒక్క గంట చెల్లి వాట్సాప్ లొకేషన్ పెడుతుంది, గంట కాగానే అదే ఆగిపోతుంది. బదులుగా బాబాయి కూడా హౌరా నుంచి లోకల్ ఎక్కగానే తనది పెట్టాలి. ఇది చెల్లి షరతు. మొన్న నేను వాళ్లింట్లో చదువుకుంటుంటే చెల్లి ఫోన్ చూసి, "అమ్మా, నాన్న బండి పాంస్కురాలో ఆగిపోయింది, అన్నం ఇప్పుడే వార్చకు" అని కేకేసింది.